పెరుగులో కలిపిన మందు

ఇది ఎప్పుడో రాయవలసింది. నాకు అక్షరాలు రావు కాబట్టి రాయలేదు. యాభై ఏడో ఏట నేర్చుకోవడం మొదలుపెట్టాను. వచ్చాక కూడా చాలా రోజులు రాయలేదు. మా ఇంట్లో కాగితం మీద ఏది ఉన్నా మా కొడుకు చదువుతాడు. కరెంటు బిల్లు, బజ్జీలు చుట్టిన పేపరు, సబ్బు మీది కవరు, ఏదైనా సరే. వాడి గురించి రాసి, వాడుండే రెండు గదుల్లోనే దాచడం నా వల్ల అయ్యే పని కాదు. వాడికి తెలియకుండా ఒకే ఒక్క వస్తువును మాత్రం రెండేళ్లు దాచాను. ఇక్కడ చెప్పబోయేది ఆ సంగతే.

ఇప్పుడు రాస్తున్నానని వాడికి తెలుసు. ఎవరి పేరూ పెట్టొద్దన్నాడు. పెట్టలేదు.

మేము నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో కిరాయికి ఉంటాం. మా ఆయన అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు బయట చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడు. చదువు రానివాళ్లకు ఫారాలు నింపేవాడు, ఉత్తరాలు రాసి పెట్టేవాడు. ఊరందరికీ రాసిన మనిషి ఇంట్లో నాకు ఒక్క అక్షరం చెప్పలేదు. నేనూ అడగలేదు. సాయంత్రానికి ఆయన వేళ్లు పట్టేసేవి. ఇంటికొచ్చాక కాగితం ముట్టుకోవడం ఇష్టం ఉండేది కాదు. మావాడు పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. అప్పటినుంచి ఇంట్లో చదివే పని వాడిదయింది.

నేను చీరలకు ఫాల్ కుడతాను. అబిడ్స్‌లో ఒక చీరల దుకాణం వాళ్లు మూట కట్టి ఇస్తారు. ప్రతి చీరకూ ఒక చీటీ గుచ్చి ఉంటుంది. ఎవరి చీర, ఎప్పటికి కావాలి, పీకో చెయ్యాలా వద్దా, అన్నీ దాని మీద ఉంటాయి. రంగుకు రంగు కలపడం నా కళ్లకు తెలుసు. చీటీ మాత్రం వాడు చదవాలి. రోజూ సాయంత్రం గడప దగ్గర కూర్చుని వాడు చదివేవాడు, నేను వరుస పెట్టుకునేదాన్ని. బయటినుంచి ఏ కాగితం వచ్చినా నా చెయ్యి దానంతట అదే వాడి వైపు చాచుకునేది. చాలా ఏళ్లు అలా గడిచింది.

డిగ్రీ అయ్యాక వాడు గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేరాడు. పార్శిళ్ల చీటీలు రాసే పని. రెండేళ్లు బాగానే చేశాడు. తర్వాత మూటల మీద నంబర్లు తనకోసమే వేస్తున్నారన్నాడు. పని మానేశాడు. స్నానం మానేశాడు. ఇంట్లో కూర్చుంటే స్టేషను మైకు వినపడుతుంది. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో పొద్దుట్నుంచి రాత్రిదాకా చెబుతూనే ఉంటారు. మేము దాన్ని వినడం మానేసి ఎన్నో ఏళ్లయింది. వాడు మళ్లీ వినడం మొదలుపెట్టాడు. రైళ్ల పేర్ల మధ్యలో తన గురించి చెబుతున్నారన్నాడు. కాదురా, రైళ్ల పేర్లే అని నేను అరిచేదాన్ని. నువ్వు కూడా వాళ్లతో కలిశావు అనేవాడు. అదే మాట ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు.

నాకు తలనొప్పి, దవాఖానకు తోడు రమ్మని చెప్పి వాడిని తీసుకెళ్లాను. డాక్టరమ్మ నాతో రెండు మాటలు మాట్లాడి, వాడితో ముప్పావు గంట మాట్లాడింది. వాడు బయటికి వెళ్లాక జబ్బు పేరు చెప్పింది. స్కిజోఫ్రీనియా. అప్పుడు పలకడం కూడా రాలేదు, ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఇదివరకు ఏమీ లేని మనిషికి గొంతులు వినపడతాయట. వాడికి అవి నిజంగానే వినపడతాయట, నటన కాదట. నాకేం జబ్బు లేదని వాడు అనడం మొండితనం కాదు, అది కూడా జబ్బులో భాగమేనట.

మాత్రలు ఇచ్చింది. వాడు మోరీ నీళ్లలో పారేశాడు. రెండోసారి ఇచ్చినవీ పారేశాడు. మూడోసారి నేనొక్కదాన్నే వెళ్లి ఏడిస్తే ఒక చిన్న సీసా రాసిచ్చింది. రంగు లేదు, రుచి లేదు, డ్రాపరుతో కొలిచి కలపాలి. ఆమెకు ఇష్టం లేకుండానే రాసింది. జర నెమ్మదించాక నువ్వే చెప్పాలె అమ్మా, ఆయనంతట ఆయన తెలుసుకుంటే నీ మీద నమ్మకం పోతది అంది. చెబుతానన్నాను.

మా ఇంట్లో చివరి ముద్ద పెరుగన్నం. చిన్నప్పటినుంచి వాడి కంచంలో పెరుగు నేనే కలిపి పెడతాను. పెద్దయ్యాక కూడా మానలేదు. ఇంతింత మగవాడికి తల్లి పెరుగు కలపడమేమిటని బయటివాళ్లకు అనిపించవచ్చు. మాకు అనిపించలేదు. సీసా బియ్యం డబ్బాలో అడుగున దాచాను. రాత్రి అన్నం వేళ వాడు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు తీసేదాన్ని.

నెలన్నరకు మైకులో రైళ్లు మాత్రమే మిగిలాయి. వాడు స్నానం చేశాడు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడటానికి వెళ్లేవాడు. ఒకటో రెండో తెచ్చుకుని చాలా నెమ్మదిగా చదివేవాడు. ఒకరోజు నాతో అన్నాడు.

"చూసినవా అమ్మా, నాకేం లేకుండె. ఆళ్లే బంద్ చేసిన్రు."

ఔ బిడ్డా అన్నాను. చెప్పాల్సింది ఆ రోజే. చెప్పలేదు. రెండేళ్లు చెప్పలేదు.

తర్వాత ఒకసారి నాంపల్లిలో నేను ఎప్పుడూ కొనే మందుల దుకాణంలో ఆ సీసా లేదు. వేరే కంపెనీది ఇచ్చారు. డబ్బా వేరు, మూత రంగు వేరు. అదే మందమ్మా, పేరు చూసుకో అన్నాడు దుకాణం అతను. నేను పేరు చూసుకోలేను. మూత రంగు చూసి గుర్తుపట్టేదాన్ని. అదేనా కాదా అని దారి పొడుగునా అదే ఆలోచన. అబిడ్స్ వెళ్లి చీరల మూట తీసుకున్నాను, ఇంటికి వచ్చాను, గడప దగ్గర కూర్చున్నాను. వాడు చీటీలు చదువుతున్నాడు. సంచిలోంచి ఒక్కొక్కటి తీసి ఇస్తున్నాను. ఆకుపచ్చ చీర, దాని చీటీ. ఊదా రంగు చీర, దాని చీటీ. తర్వాత డబ్బా తీసి వాడి చేతిలో పెట్టాను.

"జర చూడు, ఇది ముందటిదేనా?"

అడిగాక తెలిసింది నేనేం చేశానో. అప్పటికే వాడు డబ్బా తిప్పుతున్నాడు. పెద్ద అక్షరాలు చదివాడు, పక్కనున్న చిన్నవి చదివాడు. లోపలి కాగితం మడతలు విప్పి అదీ మొత్తం చదివాడు. నాకు ఏది చదివి పెట్టినా సగంలో ఆపే అలవాటు వాడికి లేదు.

"ఎవరికిది?"

"నాకే. తలనొప్పికి."

"తలనొప్పికి కాదమ్మా ఇది. ముందటిదంటే ఏ ముందటిది? ఎన్ని దినాలసంది?"

"రెండేండ్లు."

"ఎందుల కలుపుతున్నవ్?"

"పెరుగుల."

వాడు కోప్పడతాడనుకున్నాను. కాగితాన్ని ఉన్న మడతల మీదే మళ్లీ మడిచాడు. సీసా మూత తీసి నా ముందు పెట్టాడు.

"నాకెంత ఏస్తవో గంత నువ్వు తాగు. నా ముంగట."

తాగాను. తాగకపోతే విషమనుకుంటాడు.

గంటకో ఏమో నాలుక మందమయింది. సూది గుడ్డలో గుచ్చుతున్నానో వేలిలో గుచ్చుకుంటున్నానో తెలియలేదు. చీర పక్కన పెట్టి పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం లేచాను. కాళ్లూ చేతులూ ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. పక్కింటామె పిలిచింది, వినపడింది, పలకాలనిపించలేదు. దుఃఖం లేదు, భయం లేదు, ఆకలి లేదు. రెండేళ్లుగా వాడు ఇలాగే ఉన్నాడా అనుకున్నాను. అన్నాళ్లూ నేను దాన్ని నెమ్మది అన్నాను. ఆ మొద్దుబారడం నాకు నాలుగు రోజులకు పోయి ఉండాలి. మందు వల్ల వచ్చిందైతే పోయే ఉంటుంది.

నేను పడుకున్నంతసేపూ వాడు నా పక్కనే కూర్చున్నాడట. నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ ఉన్నాడట. పక్కింటామె చెప్పింది.

ఆ రోజునుంచి వాడు నా చేతి అన్నం తినలేదు. తన బియ్యం వేరే తెచ్చుకున్నాడు, తన గిన్నె వేరే పెట్టుకున్నాడు, నేను బయటికి వెళ్తే రెండింటినీ పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. అరటిపండ్లు, ఉడికించిన గుడ్లు, పల్లికాయలు. తొక్కో పెంకో ఉన్నవైతే నమ్మకంగా తినేవాడు. చీటీలు చదవడం మానేశాడు. నేను చెయ్యి చాచినా తీసుకునేవాడు కాదు. రెండు నెలల్లో మైకు మళ్లీ మొదలయింది.

నేను చదువు నేర్చుకున్నది అప్పుడు. మా బస్తీలో మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ ఆడవాళ్లకు చెబుతుంది. ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగితే చీటీల కోసం అన్నాను. తెలుగు అక్షరాలు వచ్చాక మందుల దుకాణానికి వెళ్లి చూస్తే డబ్బాల మీద తెలుగు లేదు. మళ్లీ వచ్చి ఇంగ్లీషు అక్షరాలకు కూర్చున్నాను. టీచరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఏ బీ సీ డీ రాశాను.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది కూడా ఆ రోజుల్లోనే. జరిగింది చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"జబ్బున్నదని ఒప్పించే పని బంద్ చెయ్యమ్మా. విరిగిన కాలుతోనే నడువుమన్నట్టయితది. ఆయనకు ఏం కష్టమైతున్నదో అది అడుగు. చెప్పింది ఇను. నిజమనకు, అబద్ధమనకు."

"ఇంటే మందు తాగుతడా?"

"తాగకపోవచ్చు. మాట్లాడుతడు."

ఇంటికి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. మైకు మోగింది. వాడి మెడ బిగుసుకుంది. ఇప్పుడేమన్నరు అని అడిగాను. మొదటిసారి అడిగాను, ఇన్నేళ్లలో. వాడు నన్ను అనుమానంగా చూశాడు.

"నీకు ఇనవడలేదా?"

"నాకు రైలు పేరే ఇనవడ్డది. నీకేం ఇనవడ్డది?"

గొంతు తగ్గించి చెప్పాడు. "'గీ మనిషి ఇంకా పోలే' అంటున్నరు. ప్రతి బండికీ అంటున్నరు."

ప్రతి బండికీ అంటే నిద్ర ఎట్లొస్తది అన్నాను. రాదు అన్నాడు. అంతే ఆ రోజుకు. మర్నాడు మళ్లీ కూర్చున్నాను. అలా ఎన్ని నెలలో. వాడు చెప్పేవాడు, నేను వినేదాన్ని. కొన్నిసార్లు కుడుతూ వినేదాన్ని. భయపడాల్సిన మాటలకు కూడా భయం వేసేది కాదు. మా ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే ఉండేది, వాడికి నిద్ర లేదు.

మా తమ్ముడు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. మంచివాడు. మా ఆయన పోయినప్పుడు కిరాయి వాడే కట్టాడు. ఈ కూర్చుని వినడం వాడికి నచ్చలేదు. పిచ్చోడితో కూర్చుని నువ్వూ పిచ్చిదానివయ్యావనేవాడు. ఒకరోజు మావాడు స్టేషనులోకి వెళ్లి మైకు ఆపమని అరిచాడు. జనం మూగారు. తెలిసిన కూలీ ఒకతను ఇంటికి పట్టుకొచ్చాడు. అంగీ చినిగి ఉంది, మోచెయ్యి దోక్కుపోయి ఉంది. ఆ సాయంత్రమే తమ్ముడు వచ్చాడు. వచ్చే గురువారం పొద్దున ఆరింటికి ఇద్దరు మనుషులను, ఆటోను తెస్తానన్నాడు. పట్టుకుని దవాఖానలో పడేస్తే వాళ్లే చూసుకుంటారన్నాడు. నేను సరే అన్నాను. మావాడు పక్క గదిలో ఉన్నాడు, గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

బుధవారం వచ్చింది. రెండు రాత్రులనుంచి వాడు కన్ను మూయలేదు. కళ్ల కింద నల్లగా ఉంది. నేను చీర పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను. రేపటి సంగతి చెప్పాలని కూర్చోలేదు. ముందటి తప్పు ఒప్పుకోలేదని గుర్తొచ్చింది. ఆ డబ్బా చేతిలో పెట్టిన రోజు తర్వాత దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

"నేను తప్పు చేసిన బిడ్డా. నీకు చెప్పకుండ కలిపిన. మల్ల కలప."

వాడు మోచేతి మీది పొక్కు గోకుతున్నాడు.

"నీకు నిద్ర లేదు. గా మందు తాగిననాడు నేనెట్ల పండుకున్ననో నువ్వే చూసినవ్."

వాడు నన్ను చూశాడు. నోరు ఒక పక్కకు పోయింది. నవ్వు.

"మొద్దు లెక్క పండినవ్. మొకం మీద ఈగలు వాలితే నేనే తోలిన."

"డాక్టరమ్మ మల్ల రాసిచ్చింది. ముందటికన్న తక్కువ. సీలు తియ్యని సీసా ఉన్నది. నేను ముట్టలే. చదువుకో, ఇష్టముంటే తాగు, లేకుంటే లేదు."

సీసా తెచ్చి నేల మీద పెట్టాను. వాడు చాలాసేపు చదివాడు. చదివి, జబ్బుకు కాదు, నిద్రకే తాగుతానన్నాడు. నిద్రకే అన్నాను. కాయితం రాసివ్వమన్నాడు. నన్ను. నాకు రాయడం వచ్చని వాడికి తెలుసు, కానీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వాడు చెప్పాడు, నేను రాశాను. తిండిలో ఏమీ కలపను. సీసా వాడి దగ్గరే ఉంటుంది. ఈ రెండు రాయడానికే నాకు పావుగంట పట్టింది. వాడు విసుక్కోలేదు. మూడోది చెప్పాడు.

"మామను మనుషులను తెచ్చి నన్ను ఎత్తుకపోనియ్యనని రాయి."

కలం ఆగింది.

"మామ ఎందుకు ఎత్తుకపోతడు?"

"మొన్నొచ్చినప్పుడు తలుపు దిక్కు చూసిండు. ఎడల్పు చూసిండు. పెద్ద సామాను దించేటోళ్లు గట్లనే చూస్తరు. ఆఫీసుల నేను రోజూ చూసేటోన్ని."

వాడు చూసింది నిజం. చుట్టూ ఉన్నవన్నీ తనకోసమే అనుకునే మనిషి, ఇదొక్కటి సరిగ్గా అనుకున్నాడు. నేను రాశాను. సంతకం పెట్టాను. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నూనె తెస్తానని చెప్పి సందు చివరికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేశాను. రావద్దు, మందు తాగుతానంటున్నాడు అన్నాను. ఒక్క పూట మందుతో ఏమైతది అక్కా, రేపటికి మాట మారుస్తడు అన్నాడు. మనుషులకు చెప్పేశాడు, ఆటోకు చెప్పేశాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నూనె కొనుక్కుని ఇంటికి వచ్చాను. రాత్రి ఏడింటికి వాడు సీలు తానే తీశాడు, డ్రాపరు వెలుతురుకు పట్టి కొలుచుకున్నాడు, తాగాడు. డ్రాపరు కడిగి తుడిచాడు. ఒక అరటిపండు తిన్నాడు. పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఐదున్నరకు సందు మొగలో నిలబడ్డాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఆరు కాకముందే ఆటో వచ్చింది. తమ్ముడు డ్రైవరు పక్కన, వెనక ఇద్దరు. ఒకతని ఒళ్లో మడిచిన దుప్పటి ఉంది. దేనికని అడగలేదు.

"నడువక్కా, ఇంట్లకు పోదాం."

"వాడు పండుకున్నడు."

"ఇంకా మంచిది. పండుకున్నోన్ని ఎత్తుడు సులువు."

నేను ఆటో ముందు చక్రానికి ఎదురుగా నిలబడ్డాను. కాయితం రాసిచ్చిన అన్నాను. ఏం కాయితమన్నాడు. చెప్పాను. డ్రైవరు కూడా విన్నాడు.

"నువ్వు రాసినవా? మొన్న మొన్న అ ఆ నేర్చుకుంటివి, అప్పుడే కాయితాలా? కోర్టుల నడుస్తదా అది?"

"నడువది."

"మరి?"

అక్కడే నిలబడ్డాను. వెనకనుంచి ఇంకో ఆటో హారన్ కొట్టింది. తమ్ముడు దిగి నా ముఖంలోకి చూశాడు.

"రేపు వాడు నిన్నేమన్న జేస్తే నా తాన ఏడ్వొద్దక్కా."

"ఏడ్వ."

ఆటో వెనక్కి తిరిగింది. అది రోడ్డెక్కిందాకా చూసి ఇంటికి వచ్చాను. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. మైకులో ఏదో బండి వస్తోందన్నారు, వాడు కదల్లేదు. గడప దగ్గర కూర్చుని ఒక చీర తీసుకున్నాను.

పదింటికి లేచాడు. ముఖం కడుక్కున్నాడు. మంచం మీద కూర్చుని నన్ను చూశాడు.

"మామ వచ్చిండా?"

"వచ్చిండు. ఇద్దరిని తెచ్చిండు. నేనే సరే అన్న, ఆనాడు. ఇయ్యాల పొమ్మన్న."

వాడు జేబులో చెయ్యి పెట్టి కాయితం ఉందని తడిమి చూసుకున్నాడు. పెట్టె తాళం తీసి తన గిన్నె, తన బియ్యం బయటికి తెచ్చుకున్నాడు. నా పప్పు అప్పుడే, ఉన్న ఒక్క పొయ్యి మీద పెట్టాను, ఇంకా పొంగు కూడా రాలేదు. దాన్ని దింపి నేల మీద పెట్టి, పొయ్యి ముందునుంచి లేచి పక్కకు జరిగాను.